కడుపుతో ఉండగా ఏడీహెచ్‌డీ మందు: నా అనుభవం

నాకు ఏడీహెచ్‌డీ ఉందని 2022లో తేలింది. అంటే దేని మీదా దృష్టి నిలవదు, మతిమరుపు, చేస్తున్న పని మధ్యలో వదిలేయడం. అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్లు. హైదరాబాద్‌లో ఒక బ్యాంకు లోన్ సెక్షన్‌లో ఆఫీసర్‌ని. అప్పటి నుంచి రోజూ పొద్దున టిఫిన్ తిన్నాక మిథైల్‌ఫెనిడేట్, 36 మిల్లీగ్రాములు, రోజంతా మెల్లగా పనిచేసే రకం. కడుపుతో ఉన్నానని తెలిసింది 2024 డిసెంబర్ 11న, ఐదో వారంలో. మా ఆయన వాళ్లమ్మకి ఫోన్ చేసి చెబుతూనే ఉన్నాడు, నా బుర్రలో మాత్రం ఒకటే ప్రశ్న: ఇవాళ్టి బిళ్ళ వేసుకోవాలా, వద్దా?

దానికి సరైన జవాబు దొరకడానికి రెండు నెలలు పట్టింది. రాత్రిళ్లు నిద్ర పట్టక తెలుగులో ఎవరైనా రాశారేమోనని వెతికేదాన్ని. పిల్లల ఏడీహెచ్‌డీ గురించి బోలెడు కనిపించింది. పెద్దవాళ్ల గురించి కాస్త. కడుపుతో ఉన్నవాళ్ల గురించి నా కంట పడలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. ఇందులో డాక్టర్లు చెప్పినవన్నీ నా డోసు, నా బీపీ, నా ఉద్యోగం చూసి నాకు చెప్పినవి. మీ సంగతి మీ డాక్టర్లే చూడాలి.

ఆ రోజు బిళ్ళ వేసుకోలేదు. మర్నాడు ఇంటికి దగ్గర్లో ఉన్న ఆసుపత్రిలో గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్లాం. బయట రెండు గంటలు కూర్చున్నాం, లోపల ఐదు నిమిషాలు. మందు పేరు చెప్పగానే ఆవిడ రాస్తున్న కాగితం మీంచి తల ఎత్తకుండా "అవన్నీ ఆపేయండి" అన్నారు. ఆపేస్తే ఆఫీసులో ఇబ్బంది అవుతుంది, రోజూ స్కూటీ మీద వెళ్లాలి అని నేనేదో చెప్పబోయాను. "తొమ్మిది నెలలే కదమ్మా, బిడ్డ కోసం ఆ మాత్రం ఓర్చుకోలేవా?" అన్నారు. ఇంకేం మాట్లాడతాను! ఫోలిక్ యాసిడ్ రాయించుకుని బయటికి వచ్చేశాను. ఆటోలో మా ఆయన ఏం మాట్లాడినా నాకు ఏడుపే వస్తోంది. బీపీకో థైరాయిడ్‌కో మందు వాడే మనిషిని ఎవరూ ఇలా అడగరు కదా అనిపించింది.

నాకు మందు రాసే సైకియాట్రిస్ట్ క్లినిక్‌కి ఫోన్ చేస్తే డిసెంబర్ 23 దాకా అపాయింట్‌మెంట్ లేదన్నారు. రిసెప్షన్‌లో అమ్మాయిని కాస్త బతిమాలితే లోపలికి వెళ్లి కనుక్కుని వచ్చి, "అప్పటిదాకా మీ గైనిక్ ఏం చెబితే అది చేయండి మేడమ్" అంది. గైనిక్ చెప్పింది మీకు తెలిసిందే. అలా మందు ఆగిపోయింది. మొదటి నాలుగు రోజులు నిద్రే నిద్ర. అది వేవిళ్ల నీరసమో, మందు మానేసినందుకో ఎవరికి తెలుసు!

23న సైకియాట్రిస్ట్ గారు చాలాసేపు మాట్లాడారు. తెలియక ముందు వేసుకున్న బిళ్ళల గురించి భయపడొద్దని మొదటే చెప్పారు. నాకు లెక్కలు కావాలని ఆయనకి తెలుసు. ప్రిస్క్రిప్షన్ ప్యాడ్ తిరగేసి వెనక రాసి చూపించారు. 2018లో వచ్చిన ఒక పెద్ద అమెరికా అధ్యయనంలో, ఈ రకం మందులేవీ వాడని తల్లులకు పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో సుమారు 13 మందికి గుండెలో లోపం ఉంది. మొదటి మూడు నెలల్లో మిథైల్‌ఫెనిడేట్ వాడిన తల్లుల పిల్లల్లో అది సుమారు 19. తల్లుల మిగతా ఆరోగ్య సమస్యలు, అలవాట్లు కూడా లెక్కలోకి తీసుకుని చూస్తే, మందు వల్ల పెరిగింది వెయ్యికి మూడు దాకా ఉండొచ్చని తేల్చారట. తల్లికి బీపీ పెరిగే ప్రమాదం కూడా కొద్దిగా ఎక్కువ ఉండొచ్చని మరో అధ్యయనంలో ఉందన్నారు. డెన్మార్క్‌లో పది లక్షల మంది పిల్లల రికార్డులు చూస్తే, కడుపులో ఉండగా ఈ మందులు తగిలిన పిల్లలకి తర్వాత ఎదుగుదలలో తేడా ఏమీ కనిపించలేదని కూడా చెప్పారు.

తర్వాత ఆయన అడిగిన ప్రశ్నలన్నీ నా గురించి. బండి నడుపుతారా? ఇంతకు ముందు ఎప్పుడైనా డిప్రెషన్ వచ్చిందా? ఆఫీసులో పొరపాటు జరిగితే ఎంత దూరం వెళ్తుంది? మందు ఆపాక తిండి, నిద్ర ఎలా ఉన్నాయి? మందు మానేస్తే వచ్చే నష్టాలను కూడా ఆయన అదే కాగితం మీద పక్కన రాశారు. ఆ రోజు దాకా ఆ రెండో వరస గురించి ఎవరూ అడగలేదు. మందు మార్చి వేరేది మొదలుపెడదామా అని నేనడిగితే వద్దన్నారు. కొత్తది ఒంటికి పడుతుందో లేదో తెలియదు, పైగా బిడ్డకి ఒకటికి రెండు మందులు తగిలినట్టవుతుంది. బిడ్డ గుండె తయారయ్యేది మొదటి రెండు నెలల్లోనే కాబట్టి మూడో నెల దాటేదాకా ఆగగలిగితే ఆగండి, ఆగలేకపోతే ఫోన్ చేయండి, తర్వాత మీ పరిస్థితి చూసి తక్కువ డోసుతో మొదలుపెడదాం అన్నారు. ఏడీహెచ్‌డీ బాగా తీవ్రంగా ఉండి మొదటి మూడు నెలలూ మానకుండా వాడినవాళ్లు కూడా తన దగ్గర ఉన్నారట. ఇంకో అభిప్రాయం కావాలంటే బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో గర్భిణులకీ బాలింతలకీ ప్రత్యేకంగా చూసే విభాగం ఉందని, తల్లీబిడ్డలను కలిపి ఉంచే వార్డు కూడా ఉందని చెప్పారు. అంత దూరం వెళ్లే ఓపిక నాకు లేకపోయింది.

ఇంటికి వచ్చి ఆ కాగితం చూపిస్తే మా ఆయన "వెయ్యికి మూడంటే ఏముంది" అన్నాడు. అత్తయ్య గారు కళ్ళజోడు పెట్టుకుని అంతా చదివి, "ఆ ముగ్గురిలో మన బిడ్డ ఉంటేనో?" అన్నారు. ఇద్దరి మాటా నిజమే. ఆ రాత్రి నాకు మాత్రం హాయిగా నిద్ర పట్టింది. "ఆపేయండి" అన్న మాట కంటే ఆ అంకెలే నాకు ధైర్యంగా అనిపించాయి.

జనవరి నెల గురించి ఎంత రాసినా తక్కువే. ఒకవైపు వాంతులు, ఇంకోవైపు బుర్రలో సంత. ఫోలిక్ యాసిడ్ వేసుకున్నానో లేదో గుర్తుండేది కాదు. బిడ్డ మంచి కోసం ఒక బిళ్ళ మానేస్తే, అదే బిడ్డకి కావాల్సిన ఇంకో బిళ్ళ మర్చిపోతున్నాను. చివరికి వారాల పేర్లున్న మందుల డబ్బా కొని మా ఆయన ఆదివారం రాత్రి నింపడం మొదలుపెట్టాడు. ఆఫీసులో టేబుల్ మీద సగం సగం చూసిన ఫైళ్లు. ఒక కస్టమర్ జీతం స్లిప్పులు చూస్తూ మధ్యలో లేచి వెళ్లి, తిరిగొచ్చి ఇంకో కస్టమర్ ఫైలు తెరిచేదాన్ని. పక్క సీటు ఆవిడకి కడుపు సంగతి తెలుసు, ఏడీహెచ్‌డీ సంగతి తెలియదు. "ఈ నెలల్లో అంతేలే, మతిమరుపు మామూలే" అనేది. ఒకరోజు సాయంత్రం రెడ్ సిగ్నల్ పడి ఉందని కూడా చూడకుండా ముందుకెళ్లిపోతుంటే పక్కనున్న బైక్ అతను గట్టిగా అరిచాడు. ఆ రాత్రే స్కూటీ తాళాలు మా ఆయన చేతిలో పెట్టాను. ఆటోలకి నెలకి ఆరు వేలు దాకా అయింది.

ఆ నెలలోనే ఆసుపత్రి మార్చాం. జనవరి 30న ఎన్‌టీ స్కాన్, డబుల్ మార్కర్ రక్తపరీక్ష కొత్తచోటే, బిడ్డకి జన్యు లోపాలు ఉండే అవకాశం ఎంతో చూసేవి. రెండూ కలిపి 4,800. రిపోర్టులు బాగున్నాయి. స్కాన్‌కి వెళ్లిన ప్రతిసారీ ఫారం ఎఫ్ (కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పకూడదన్న చట్టం కింద నింపే పత్రం) మీద సంతకం పెట్టాలి, ఆధార్ తీసుకెళ్లండి.

కొత్త గైనిక్ మేడమ్ వయసులో చిన్నావిడ. నేను మందు పేరు చెప్పగానే "దీని గురించి నాకు అంత అనుభవం లేదు, మీ సైకియాట్రిస్ట్‌తో మాట్లాడతాను" అన్నారు. ఆ మాటకి నాకు ఆవిడ కాళ్ళు మొక్కాలనిపించింది. నేను ముందే ఆయన దగ్గర లెటర్ తీసుకుని వెళ్లాను: ఏ మందు, ఎంత డోసు, ఎప్పుడు ఆపాం, మళ్ళీ ఎందుకు అవసరం అని అర పేజీ. అది చదివి నా ఎదుటే ఆయనకి ఫోన్ చేశారు. ఇద్దరూ నన్ను మధ్యలో పెట్టకుండా తేల్చుకున్నారు. మేడమ్ షరతులు: రోజూ ఇంట్లో బీపీ చూసుకుని రాయాలి. ప్రతి విజిట్‌లో బరువు చూస్తారు. బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్‌తో పాటు బిడ్డ గుండెకి విడిగా ఫీటల్ ఎకో చేయించాలి. ఏడో నెల నుంచి గ్రోత్ స్కాన్లు. చేతికి పట్టీ చుట్టే బీపీ మిషన్ రెండు వేలకి కొన్నాం.

ఫిబ్రవరి 12న, పద్నాలుగు వారాలు నిండిన రోజు, మళ్ళీ మొదలు. ఈసారి తొందరగా దిగిపోయే రకం, 10 మిల్లీగ్రాములవి. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, ఆఫీసు ఉన్న రోజుల్లోనే. బ్యాంకులో మార్చి క్లోజింగ్ అంటే ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి నేను ఆ తేదీ ఎందుకు పట్టుకుని కూర్చున్నానో అర్థమవుతుంది.

మందుల షాపు సంగతి ఇక్కడే చెప్పాలి. ఇది షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే దుర్వినియోగం జరగకుండా గట్టి నిబంధనలతో అమ్మే జాబితాలోది. అన్ని షాపుల్లో దొరకదు, దానికి విడిగా లైసెన్స్ ఉండాలి. ప్రిస్క్రిప్షన్ రెండు కాపీలు ఉండాలి, ఒకటి షాపువాళ్లు తీసుకుని రెండేళ్లు దాచిపెట్టుకుంటారు. ఇవన్నీ నాకు పాత అలవాటే. కొత్తగా తెలిసింది ఏమిటంటే, డాక్టర్ వీడియో కాల్‌లో చూసి ఈ మందు రాయడానికి వీల్లేదు, టెలిమెడిసిన్ నిబంధనలు ఒప్పుకోవు. ఇంటికి తెప్పించుకునే వీలూ లేదు. అంటే పొట్ట ఎంత పెరిగినా నెలకోసారి క్లినిక్‌కి వెళ్లి కూర్చోవాల్సిందే.

ఐదో నెలలో ఒకసారి నేనే షాపుకి వెళ్లాను. ఎప్పుడూ ఇచ్చే అబ్బాయి లేడు, ఇంకొకాయన ఉన్నాడు. ప్రిస్క్రిప్షన్ చూశాడు, నా పొట్ట చూశాడు, మళ్ళీ ప్రిస్క్రిప్షన్ చూశాడు.

"ఇది ఎవరికమ్మా?"

"నాకే."

"మీరు కడుపుతో ఉన్నారు కదమ్మా..."

వెనక క్యూలో ఉన్నవాళ్లంతా నా వైపే చూస్తున్నారు. చెవులు వేడెక్కిపోయాయి. అదృష్టం కొద్దీ ప్రిస్క్రిప్షన్ మీద డాక్టర్ గారు ఎన్నో వారమో రాసి, గైనకాలజిస్ట్‌కి తెలిసే ఇస్తున్నట్టు ఒక లైను రాసి సంతకం పెట్టారు. అది వేలు పెట్టి చూపించాను. ఆయన డాక్టర్‌కి ఫోన్ చేసి కనుక్కుని మరీ ఇచ్చాడు. అప్పుడు ఒళ్ళు మండింది కానీ, ఆయన చేసింది ఆయన పనే. మీ డాక్టర్‌తో ఆ లైను రాయించుకోండి. తర్వాత నెల నుంచి మా ఆయన్ని పంపాను, ఎవరూ ఏమీ అడగలేదు!

మందు మొదలుపెట్టిన రెండో రోజే తేడా తెలిసింది. తెరిచిన ఫైలు మూసేదాకా అదే ఫైలు. అయితే ఆ ఊరటతో పాటు పొట్టలో బిడ్డ కదిలినా భయం, కదలకపోయినా భయం. మార్చి 22న టిఫా స్కాన్. 3,500. అంతా బాగుందన్నారు, గుండె కూడా. అయినా ఏప్రిల్ 16న ఫీటల్ ఎకో అయ్యేదాకా నాకు నమ్మకం కలగలేదు.

ఆ రోజు బిడ్డ బోర్లా తిరిగి పడుకుంది. పిల్లల గుండె డాక్టర్ గారు కాసేపు చూసి, వీపే కనిపిస్తోంది, కాస్త అటూ ఇటూ నడిచి ఏదైనా తిని రమ్మన్నారు. క్యాంటీన్‌లో మాజా తాగి కారిడార్‌లో నడిచాను. నాతో పాటు నడుస్తున్న ఇంకో ఆవిడ తనకి షుగర్ ఉందని, అందుకే ఈ టెస్టు రాశారని చెప్పింది. "మీకెందుకు?" అంది. నేను "మందులు వాడుతున్నాను" అన్నాను. ఏం మందులని అడగలేదు. రెండోసారి బిడ్డ కాస్త కనికరించింది. డాక్టర్ గారు మాట్లాడకుండా చాలాసేపు చూశారు. ఆ మౌనం భరించలేకపోయాను. తర్వాత స్క్రీన్ నావైపు తిప్పి నాలుగు గదులూ ఒక్కొక్కటే చూపించారు, రక్తం వెళ్లే దారులు ఎర్రగా, నీలంగా. "గుండె బాగుందమ్మా" అన్నారు. మూడు వేలు కట్టి బయటికి రాగానే ముందు అత్తయ్య గారికి ఫోన్ చేశాను. ఆవిడ "సరే, ఇంటికొచ్చి అన్నం తిను" అన్నారు. గొంతు మాత్రం వణికింది.

మే నెలలో ఇంకో సమస్య. నా బరువు పెరగడం లేదు. ఈ మందుకి ఆకలి చచ్చిపోతుంది, మధ్యాహ్నం డబ్బా సగమే తినేదాన్ని. బిళ్ళకి ముందే కడుపు నిండా తినమని, సాయంత్రం మందు దిగాక ఇంకోసారి భోజనంలా తినమని మేడమ్ చెప్పారు. అమ్మ గుంటూరు నుంచి సున్నుండలు పంపింది, మధ్యాహ్నం బిళ్ళకి ముందు ఒకటి లెక్కన పెట్టుకున్నాను. జూన్ మొదట్లో గ్రోత్ స్కాన్‌లో బిడ్డ బరువు సరిపడా ఉంది.

తొలి కాన్పు పుట్టింట్లోనే అని అమ్మ మొదటి నుంచీ అనుకుంటోంది. జూలైలో గుంటూరు వెళ్లాలని ప్లాన్. అక్కడ ఈ మందు ఎక్కడ దొరుకుతుంది, ఏ సైకియాట్రిస్ట్ రాస్తారు అని కనుక్కుంటూ ఉండగానే జూన్ 30 పొద్దున మిషన్‌లో 142/90 చూపించింది. అరగంట ఆగి చూస్తే మళ్ళీ అంతే. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాం. మూత్రంలో ప్రొటీన్ లేదు, మిగతా రక్తపరీక్షలు బాగున్నాయి. ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని బిళ్ళ ఆపేయమన్నారు. నాలుగైదు రోజుల్లో బీపీ 130 లోపలికి వచ్చింది. అది మందు వల్లే పెరిగిందా అంటే మేడమ్ చెప్పలేనన్నారు, బిళ్ళ వేసుకోని తల్లులకీ ఆ నెలల్లో పెరుగుతుంది కదా అన్నారు. ఈసారి ఆపడం నాకు పెద్ద కష్టమనిపించలేదు, జూలై 14 నుంచి మెటర్నిటీ లీవు ఎలాగూ మొదలైంది. గుంటూరు ప్రయాణం మానుకున్నాం. అమ్మే వచ్చింది, రెండు పచ్చడి జాడీలతో, ఒక అలకతో.

ఆగస్టు 4న పాప పుట్టింది. బీపీ మళ్ళీ పెరుగుతోందని నొప్పులు వచ్చేలా మందు పెట్టారు, సాయంత్రానికి నార్మల్ డెలివరీ. 2.7 కిలోలు. అడ్మిట్ అయ్యేటప్పుడే మత్తు డాక్టర్‌కీ, పిల్లల డాక్టర్‌కీ ఏ మందు ఎప్పటిదాకా వాడానో చెప్పమన్నారు, లెటర్ జిరాక్సులు ఇచ్చాను. పాప మాత్రం పుట్టగానే ఏడ్చి, పాలు తాగి, పడుకుంది.

మందు మళ్ళీ ఎప్పుడు అన్నది ఇంట్లో పెద్ద గొడవే. బాలింతరాలిగా నిద్ర లేక నా బుర్ర జనవరి కంటే అన్యాయంగా తయారైంది. ఏ పక్క పాలిచ్చానో గుర్తుండదు. సైకియాట్రిస్ట్ గారు, పిల్లల డాక్టర్ గారు ఇద్దరూ పాలిస్తూ వాడొచ్చన్నారు. తల్లి తీసుకునే డోసులో పాల ద్వారా బిడ్డకి చేరేది, బరువు లెక్కన చూస్తే, ఒక శాతం కంటే తక్కువట. పాప బరువు, నిద్ర, చిరాకు గమనిస్తూ ఉండమన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. "వెల్లుల్లి కారం, కాయం తినాల్సిన దానివి, ఆ బిళ్ళేంటే ఇప్పుడు?" అంది. నేనూ గట్టిగా వాదించలేదు. సెప్టెంబర్ 15న పాపకి ఆరు వారాల టీకాలు. కార్డు మీద తేదీ నేనే రాసుకున్నాను, ఫ్రిజ్ మీద అంటించాను, ఆ రోజు పొద్దున అమ్మ "పదకొండయింది, తయారవ్వవే" అంటే ఎక్కడికి అన్నాను. ఆసుపత్రి నుంచి వచ్చాక అమ్మే అంది: "వేసుకో ఆ బిళ్ళ. ముందు పిల్లకి పాలిచ్చి తర్వాత వేసుకో." డాక్టర్ చెప్పింది కూడా అదే పద్ధతి.

పొద్దున ఒకటే, 10 మిల్లీగ్రాములు. పాప బరువు బాగానే పెరిగింది. పాలు కాస్త తగ్గినట్టనిపిస్తే మధ్యాహ్నం బిళ్ళ మొదలుపెట్టలేదు.

డబ్బుల విషయం. బిళ్ళలకి అయింది తక్కువే, నెలకి ఐదారు వందలు దాటలేదు. ఖర్చంతా చుట్టూ ఉన్నవాటికి: నెలనెలా సైకియాట్రిస్ట్ ఫీజు వెయ్యి, గైనిక్ ఫీజు, ఎకో, అదనపు స్కాన్లు, ఆటోలు. ఇన్సూరెన్స్‌లో డెలివరీ ఖర్చు వచ్చింది కానీ ఓపీలో అయినవి ఏవీ రాలేదు.

ఈ ఏడాది జనవరి 12న మళ్ళీ బ్యాంకులో చేరాను. ఇప్పుడు పొద్దున, మధ్యాహ్నం రెండు బిళ్ళలు. పాలు పిండి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్తున్నాను, అత్తయ్య గారు గిన్నె మీద టైము రాసిన కాగితం అంటిస్తారు. స్కూటీ తాళాలు నా దగ్గరికి వచ్చేశాయి. పాత డోసుకి వెళ్లాలా అన్నది పాప ఘనాహారం మొదలుపెట్టాక చూద్దామన్నారు డాక్టర్ గారు.